చలికి నిలిచే పూలమొక్కలు: కెనడా ప్రెయిరీ మైదానాల్లో ఒక శతాబ్దపు ఎంపిక

పరిచయం

లంబసింగిలో తెల్లవారుజామున ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి దిగితే మరునాడు ఆ వార్త ఫోటోతో సహా పత్రికలో వస్తుంది. ఆదిలాబాద్ ఏజెన్సీలో ఐదు డిగ్రీలంటే బడి వేళలు మార్చాలా అని చర్చ మొదలవుతుంది. చలి గురించి మన అనుభవం ఇంతవరకే. ఈ పాఠంలో మనం వెళ్లే ప్రాంతం కెనడా మధ్యభాగంలోని ప్రెయిరీ గడ్డిమైదానాలు. మానిటోబా, సస్కాచెవాన్, ఆల్బెర్టా అనే మూడు రాష్ట్రాల్లో అవి పరుచుకుని ఉన్నాయి. అక్కడ మైనస్ 30 మామూలు చలి, మైనస్ 40 అప్పుడప్పుడూ వచ్చే చలి. విన్నిపెగ్ నగరంలో 1879 డిసెంబరులో మైనస్ 47.8 డిగ్రీలు నమోదైంది.

అటువంటి చోట ఇంటిముందు ఒక పూలపొద పెట్టుకోవాలనుకున్న మనిషి ఏ మొక్క పెట్టాలో ఎలా తెలుసుకున్నాడు? ఈ పాఠం ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. ఇది వృక్షశాస్త్ర పాఠం కదా, చరిత్ర పుస్తకంలో ఎందుకు అని మీరు అడగవచ్చు. నేడు ఆ దేశంలో ఏ నర్సరీకి వెళ్లినా ప్రతి మొక్క మెడలో ఒక చీటీ వేలాడుతుంది. దానిమీద 2 అనో, 3 అనో, 4 అనో ఒక అంకె ఉంటుంది. ఆ అంకె ఎంత చలికి ఆ మొక్క నిలుస్తుందో చెబుతుంది. కొనేవాడికి అది ప్రకృతి నియమంలా కనబడుతుంది. నిజానికి దాని వెనక చచ్చిపోయిన లక్షల మొక్కలున్నాయి, ప్రజాధనంతో నడిచిన పరిశోధనా క్షేత్రాలున్నాయి, జీవితమంతా ఆ పనిమీదే గడిపిన కొద్దిమంది మనుషులున్నారు. ఆ చీటీని ఒక చారిత్రక ఆధారంగా చదవడం మీకు అలవాటు చేయాలని నా ప్రయత్నం.

వలసవచ్చినవారు, వారి పొరపాటు

1872లో కెనడా ప్రభుత్వం డొమినియన్ భూముల చట్టం చేసింది. పది డాలర్ల రుసుము కట్టి, నిర్ణీత కాలం అక్కడే కాపురముండి సాగుచేసినవారికి 160 ఎకరాలు ఇస్తామన్నది. ఆ భూమి ఖాళీగా పడి ఉన్నది కాదు. క్రీ, అసినిబోయిన్, బ్లాక్‌ఫుట్ వంటి ఆదివాసీ జాతులది, మెటీలది. 1871 నుంచి 1877 వరకు ఏడు ఒప్పందాల ద్వారా ప్రభుత్వం ఆదివాసీ జాతులను చిన్నచిన్న రిజర్వులకు పరిమితం చేసింది. 1885లో కెనడియన్ పసిఫిక్ రైలుమార్గం పూర్తయింది. ఇంగ్లండు, స్కాట్లండు, తూర్పు కెనడా, ఆ తరువాత ఉక్రెయిన్, జర్మనీ, స్కాండినేవియాల నుంచి జనం దిగారు.

దిగినవాళ్లు తమవెంట విత్తనాలు, దుంపలు, అంట్లు తెచ్చుకున్నారు. పటం తెరిచి చూడండి. విన్నిపెగ్ దాదాపు 50 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. లండన్ 51.5 మీద ఉంది. అంటే లండన్ కంటే విన్నిపెగ్ దక్షిణానికే ఉంది. కాబట్టి లండన్ గులాబీ ఇక్కడ ఇంకా సుఖంగా పెరగాలి. అక్షాంశం చూసి శీతోష్ణస్థితిని లెక్కగట్టే ఈ పొరపాటు మామూలు రైతులే కాదు, చదువుకున్నవారూ చేశారు. బ్రిటన్‌కు అట్లాంటిక్ సముద్రపు వెచ్చటి ప్రవాహాలు, పడమటి గాలులు కాపుంటాయి. ప్రెయిరీకి ఏ సముద్రమూ దగ్గరలో లేదు. ఉత్తర ధ్రువం నుంచి వచ్చే చలిగాలికి అడ్డుగా ఒక్క కొండా లేదు. తెచ్చిన గులాబీలు, హాలీ పొదలు, ఆపిల్ చెట్లు మొదటి శీతాకాలానికే నల్లబడిపోయాయి.

ఈ తప్పు మనకూ కొత్త కాదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఊటీ నుంచి ఒక ఫ్యూషియా మొక్కను రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. మే నెల రెండోవారం దాటకుండానే అది మాడిపోయింది. చలి, ఎండ అనే తేడా తప్ప పాఠం ఒకటే. మొక్కను చూసి కాదు, అది పుట్టిన నేల మీది సంవత్సరం మొత్తాన్ని చూసి ఎంచుకోవాలి.

ఆకలి తీరని కాలంలో పూల గొడవ ఎందుకని కొందరు చరిత్రకారులు ఈ విషయాన్ని దాటేశారు. నాకది సరైన చూపనిపించదు. చెట్టన్నది కనబడని గడ్డిమైదానంలో, మట్టిపెళ్లలతో కట్టిన గుడిసెలో, ఏటా ఆరు నెలలు తెల్లటి నేలనే చూస్తూ బతికిన కుటుంబాలకు కిటికీ ముందు ఒక పొద ఉండటం వేరే సంగతి. ‘ఇక్కడ ఉంటాం’ అని చెప్పుకునే గుర్తు అది. రైల్వే కంపెనీకి ఇది బాగా తెలుసు. స్టేషన్ల పక్కన పూలతోటలు వేయించింది, స్టేషన్ మాస్టర్లకు విత్తనాలు పంచింది. రైలు దిగని ప్రయాణికుడు కూడా కిటికీలోంచి ఆ తోటను చూసి, ఈ నేల పండుతుందని నమ్మాలి. ఆ పువ్వులు భూమి అమ్మకానికి ప్రకటనలు.

పరిశోధనా క్షేత్రాలు: చావుల లెక్క రాసిన చోటు

1886లో కెనడా పార్లమెంటు ప్రయోగ వ్యవసాయ క్షేత్రాల చట్టం చేసింది. అయిదు క్షేత్రాలు ఏర్పడ్డాయి. కేంద్ర క్షేత్రం ఒట్టావాలో, మిగిలిన నాలుగిట్లో రెండు ప్రెయిరీలో ఉన్నాయి: మానిటోబాలోని బ్రాండన్, నేటి సస్కాచెవాన్‌లోని ఇండియన్ హెడ్. మొదటి డైరెక్టరు విలియం సాండర్స్. వృత్తిరీత్యా ఆయన మందులు తయారుచేసి అమ్మే ఫార్మసిస్టు. మొక్కల మీద, పురుగుల మీద ఆసక్తితో సొంతంగా నేర్చుకున్న మనిషి. ఆయన కుమారుడు చార్లెస్ సాండర్స్ తయారుచేసిన మార్క్విస్ గోధుమ పేరు మీరు ఆర్థిక చరిత్ర పాఠాల్లో చూసి ఉండవచ్చు.

సాండర్స్ అక్షాంశాన్ని పక్కనపెట్టి వేరే ప్రశ్న వేసుకున్నాడు. ఈ చలి, ఈ పొడిగాలి, ఈ కురచ వేసవి ప్రపంచంలో ఇంకెక్కడ ఉన్నాయి? దానికి సమాధానం సైబీరియా. 1887లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని సామ్రాజ్య వృక్షోద్యానం నుంచి సైబీరియా క్రాబాపిల్ విత్తనాలు తెప్పించాడు. ఇది ఆపిల్‌కు దగ్గరి చుట్టమైన అడవిచెట్టు. కాయ చిన్న గోళీకాయంత. వసంతంలో చెట్టు నిండా తెల్లటి పూత. బ్రాండన్‌లో, ఇండియన్ హెడ్‌లో వేసిన ఈ మొక్కలు శీతాకాలాన్ని తట్టుకుని నిలిచాయి. 1894 నుంచి సాండర్స్ దానిని మంచి ఆపిల్ రకాలతో సంకరించాడు. పుట్టిన సంకర చెట్లకు తండ్రి తీపి కొంత, తల్లి మొండితనం చాలా వచ్చాయి. పండ్ల సంగతిలో ఆయన ఆశ పూర్తిగా నెరవేరలేదు. కాయ చిన్నదిగానే మిగిలింది. కాని ప్రెయిరీ వీధుల్లో నేడు మే నెల చివర కనిపించే క్రాబాపిల్ పూత ఆ దారిలోనే వచ్చింది.

అమెరికాలో దక్షిణ డకోటా రాష్ట్రంలో పనిచేసిన నీల్స్ హాన్సెన్‌దీ ఇదే ఆలోచన. 1897లో అమెరికా వ్యవసాయశాఖ ఆయనను రష్యాకు, సైబీరియాకు పంపింది. గడ్డకట్టే నేలల నుంచి గడ్డకట్టే నేలలకు మొక్కలను తరలించే ఈ పద్ధతి 20వ శతాబ్దం మొదట్లో బలపడింది.

క్షేత్రాల వార్షిక నివేదికలు చరిత్ర విద్యార్థికి విలువైన ఆధారాలు. ఏ మొక్క నిలిచిందో, కొమ్మ చివర మాత్రమే చచ్చిందో, నేలదాకా చచ్చి మళ్లీ మొలిచిందో, మొదలంటా పోయిందో వాటిలో నమోదుచేశారు. అదే కాలపు విత్తన వ్యాపారుల కేటలాగులు పక్కన పెట్టి చదవండి. కేటలాగులో ప్రతి మొక్కా చలికి నిలిచేదే. అమ్మేవాడి జ్ఞాపకంలో చచ్చిన మొక్క ఉండదు. ప్రజాధనంతో నడిచే సంస్థ మాత్రమే తన ఓటమిని ఏటా అచ్చువేసి ఊరూరా పంచగలిగింది. ఈ మాట గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ అవసరపడుతుంది.

చలికి నిలవడం అంటే ఏమిటి

ఇక్కడ కొంచెం శాస్త్రం తప్పదు. మన చేమంతిని తీసుకోండి. రాత్రులు పొడుగయ్యే కాలంలోనే అది మొగ్గ తొడుగుతుంది. పొడుగైన రాత్రిని అది కొలుచుకుంటుంది. ఉత్తరదేశపు చెట్లూ అలాగే ఆగస్టు, సెప్టెంబరుల్లో రాత్రి పొడవును కొలుచుకుంటాయి. కాని పూయడానికి కాదు, నిద్రకు సిద్ధమవడానికి. ఎదుగుదల ఆపుతాయి, కొమ్మ గట్టిపడుతుంది, మొగ్గమీద పొలుసులు మూసుకుంటాయి. ఆ తరువాత చలి కొంచెం కొంచెంగా పెరుగుతుంటే కణాల్లోని నీరు బయటి సందుల్లోకి వచ్చి అక్కడ గడ్డకడుతుంది. కణం లోపల గడ్డకడితే చావే. బయట గడ్డకడితే కణం ముడుచుకుని బతుకుతుంది.

ఇంకో పద్ధతి కూడా ఉంది. ఆపిల్, ఓక్ వంటి చెట్ల కాండంలో కొన్ని కణాలు నీటిని గడ్డకట్టనీయకుండానే బాగా చల్లబడనిస్తాయి. దానికి ఒక హద్దుంది. మైనస్ 40 దగ్గర ఆ నీరు ఒక్కసారిగా గడ్డకడుతుంది. భూర్జ చెట్టు, విల్లో, ఎర్రకొమ్మల డాగ్‌వుడ్ మొదటి పద్ధతినే అనుసరిస్తాయి కనుక సరిగా సిద్ధపడ్డాక అంతకంటే చాలా తక్కువకూ తట్టుకుంటాయి. మైనస్ 40 వచ్చే ప్రాంతంలో కొన్ని చెట్లు ఎందుకు లేవో ఇప్పుడు మీకే అర్థమవుతుంది.

కాబట్టి ఒకే జాతిలోనూ విత్తనం ఏ ఊరి తల్లిచెట్టుదన్నది ముఖ్యం. దక్షిణాన పుట్టిన చెట్టు సెప్టెంబరులో ఇంకా లేతచిగుళ్లు వేస్తూ ఉంటుంది. దాని గడియారం వేరు. మొదటి గడ్డకట్టే రాత్రికే దొరికిపోతుంది. జనవరిలో కాదు, అక్టోబరులో చచ్చే మొక్కలే ఎక్కువ. వసంతంలోనూ ఇదే ప్రమాదం. ఆల్బెర్టాలో చినూక్ అనే వెచ్చటి గాలి నడిశీతాకాలంలో వీచి, కొన్ని గంటల్లోనే ఇరవై డిగ్రీలకు పైగా ఉష్ణోగ్రత పెంచుతుంది. మొక్క మేల్కొంటుంది. మరునాడు మళ్లీ మైనస్ 25. పచ్చటి ఆకులు రాలని చెట్లకు మరో ఇబ్బంది. నేల రాయిలా బిగుసుకుని వేరుకు నీరందదు, ఆకు మాత్రం ఎండకు, గాలికి నీరు కోల్పోతూ ఉంటుంది. చుట్టూ మంచు పేరుకున్నా అది దాహంతో చస్తుంది.

మంచు శత్రువు అనుకోకండి. అడుగు మందాన పేరుకున్న మంచు కింద నేల సున్నాకు కొంచెం దిగువనే ఉంటుంది, పైన గాలి ఎంత చల్లగా ఉన్నా. చలికాలం మొదట్లో మంచు కురవని ఏడాది తోటమాలి భయపడతాడు. పియోనీ వంటి పూలమొక్కలు శీతాకాలంలో నేలపైన ఏమీ మిగల్చకుండా కింద దుంపల్లో దాక్కుంటాయి. పైగా చలి లేకపోతే పియోనీ సరిగా పూయదు. హైదరాబాదులో మీరెంత ఎరువు వేసినా లాభం లేదు.

ఇసబెల్లా ప్రెస్టన్ పని

1881లో ఇంగ్లండులోని లాంకస్టర్‌లో పుట్టిన ఇసబెల్లా ప్రెస్టన్ 1912లో కెనడా వచ్చింది. కొంతకాలం వ్యవసాయ కళాశాలలో చదివింది, పట్టా పూర్తిచేయలేదు. చేతులతో పనిచేస్తూనే మొక్కల సంకరణం నేర్చుకుంది. 1920లో ఒట్టావా కేంద్ర క్షేత్రంలో చేరింది, దినకూలీగా. పుప్పొడి తీసి మరో పువ్వుకు అంటించి, గుడ్డసంచి కట్టి, విత్తనం పెంచి, ఏళ్లతరబడి ఎదురుచూసే పని అది. రెండేళ్లకు ఆమెకు అలంకరణ మొక్కల నిపుణురాలిగా ఉద్యోగమిచ్చారు. ఆ విభాగాధిపతి డబ్ల్యూ. టి. మకూన్ ఆమెకు అప్పగించిన మొక్కలు లిల్లీ, లైలాక్, క్రాబాపిల్, ఐరిస్, గులాబీ.

లైలాక్ సంగతి చూడండి. మామూలు లైలాక్ బాల్కన్ కొండలది. చలికి బాగానే నిలుస్తుంది. వలసవచ్చినవారికి అది పుట్టింటి వాసన. కాని అది తొందరగా మొగ్గ వేస్తుంది, మే నెల చలిరాత్రికి ఆ మొగ్గ మాడిపోతుంది. ప్రెస్టన్ రెండు చైనా జాతులను సంకరించింది. పుట్టిన లైలాక్‌లు మామూలువాటికంటే సుమారు రెండు వారాలు ఆలస్యంగా పూశాయి. ఇక్కడ ఆమె మొక్క బలాన్ని పెంచడం కంటే దాని కాలాన్ని జరిపింది. చావు తప్పించుకోవడానికి అదీ ఒక దారే. ఈ వంశానికి శాస్త్రజ్ఞులు ఆమె పేరే పెట్టారు. రకాలకు మాత్రం ఆమె షేక్స్‌పియర్ నాటకాల్లోని స్త్రీల పేర్లు పెట్టింది. డెస్డిమోనా, మిరాండా వాటిలో ఉన్నాయి. కొన్ని లిల్లీలకు ఆఫీసులో టైపు కొట్టే ఆడపిల్లల పేర్లు పెట్టింది. సైబీరియా ఐరిస్‌లకు నదుల పేర్లు, సైబీరియా క్రాబాపిల్‌ను మధ్యాసియా ఎర్రాకు ఆపిల్‌తో కలిపి తెచ్చిన గులాబిపూల క్రాబాపిల్‌లకు సరస్సుల పేర్లు. 1946లో ఆమె పదవీ విరమణ చేసింది. దినకూలీగా చేరిన ఆడమనిషి పేరు ఒక పూలవంశానికి మిగలడం ఆ శాఖ చరిత్రలో చిన్న సంగతి కాదు.

ఇద్దరు ఒంటరి మనుషులు

సంస్థలే అంతా చేశాయనుకుంటే పొరపాటు. మానిటోబాలోని డ్రాప్‌మోర్ అనే మారుమూల పల్లెలో ఫ్రాంక్ స్కిన్నర్ ఉండేవాడు. స్కాట్లండు నుంచి 1895లో పదమూడేళ్ల వయసులో వచ్చాడు. జబ్బుతో ఊపిరితిత్తి దెబ్బతిని బరువైన వ్యవసాయం చేయలేకపోయాడు. మొక్కల మీద పడ్డాడు. హార్వర్డ్ విశ్వవిద్యాలయపు ఆర్నాల్డ్ వృక్షవనంతో, అనేక దేశాల తోటలతో ఉత్తరాలు నడిపి విత్తనాలు తెప్పించుకున్నాడు. కొరియా లైలాక్‌ను మామూలు లైలాక్‌తో కలిపి చలికి నిలిచే తొలిపూత రకాలు తీశాడు. ఆయన ‘డ్రాప్‌మోర్ స్కార్లెట్’ అనే ఎర్రపూల తీగ నేటికీ శీతల దేశాల నర్సరీల్లో దొరుకుతుంది. 1947లో మానిటోబా విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది.

రెండోవాడు జార్జ్ బుగ్నే. ఫ్రాన్సు నుంచి 1905లో వచ్చి, ఎడ్మంటన్‌కు వాయవ్యంగా అడవి అంచున 160 ఎకరాల హోమ్‌స్టెడ్ తీసుకున్నాడు. ఫ్రెంచిలో నవలలు రాశాడు. 1935లో వచ్చిన ‘లా ఫోరే’ వలసదంపతులను అడవి ఎలా ఓడించిందో చెప్పే నవల. నవలలో అడవిని అంత కఠినంగా చిత్రించిన మనిషి పొలంలో ఆ అడవి గులాబీనే చేరదీశాడు. ఆల్బెర్టా అడవి గులాబీని, రూగోసా గులాబీని, రష్యా తూర్పుకొసన ఉన్న కమ్చత్కా నుంచి వచ్చిన గులాబీని, తోట గులాబీలను తరాలతరబడి కలిపాడు. ఫలితం 1950లో బయటికొచ్చిన ‘తెరేజ్ బుగ్నే’ గులాబీ. ఎర్రటి కొమ్మలు, గులాబిరంగు పూలు, మైనస్ 35 చలికి కూడా కొమ్మ చెడని మొక్క.

గులాబీ: చచ్చి బతకడం ఒక పద్ధతి

ఇప్పుడు ఒక్క నిమిషం పుస్తకం పక్కనపెట్టి ఆలోచించండి. చలికి మొక్క నిలవాలంటే మీరు రెండు రకాలుగా ప్రయత్నించవచ్చు. కొమ్మ చివరిదాకా చావకుండా ఉండే మొక్కను వెదకవచ్చు. లేదా చచ్చినా వేసవిలో త్వరగా లేచి పూసే మొక్కను వెదకవచ్చు. రెండోది ఎలా సాధ్యం?

మానిటోబాలోని మోర్డెన్ పరిశోధనా కేంద్రంలో హెన్రీ మార్షల్ పట్టుకున్నది ఈ రెండో దారే. ప్రెయిరీ గడ్డిలో మోకాలెత్తు పెరిగే ఒక అడవి గులాబీ ఉంది. శీతాకాలంలో, కార్చిచ్చులో, దున్నపోతుల కాళ్లకింద అది నేలదాకా పోతుంది. వేసవిలో వేరునుంచి లేచిన కొత్తకొమ్మ మీద అదే ఏడాది పూస్తుంది. పాతకొమ్మ మీదే పూసే గులాబీకి కొమ్మ చస్తే ఆ ఏడు పూవు లేదు. ఈ అడవి గులాబీ రక్తం కలిపి మార్షల్ తీసిన రకాలు మంచుమట్టం దాకా చచ్చి, జూన్, జూలైలకు మళ్లీ పూస్తాయి. ఆయన పెట్టిన పేర్లలో ‘అసినిబోయిన్’, మెటీ నాయకుడి పేరుమీద ‘కుత్బర్ట్ గ్రాంట్’ ఉన్నాయి.

ఒట్టావాలో ఫెలిసిటాస్ స్వేడా మొదటి దారిలో నడిచింది. 1920లో వియన్నాలో పుట్టి, అక్కడే డాక్టరేటు తీసుకుని, 1953లో కెనడా వచ్చిన ఈ శాస్త్రవేత్త 1961లో గులాబీల పని మొదలుపెట్టింది. రూగోసా గులాబీని, జర్మనీలో పుట్టిన కోర్డెసీ గులాబీని మూలాలుగా వాడింది. మొక్కలకు శీతాకాలంలో గడ్డికప్పు వేయలేదు, మట్టి ఎగదోయలేదు, మందు కొట్టలేదు. చచ్చేవి చచ్చాయి. మిగిలినవాటిలోంచే ఎంపిక. 1968లో ‘మార్టిన్ ఫ్రోబిషర్’, 1978లో ‘జాన్ కాబట్’, 1983లో ‘విలియం బాఫిన్’. ఉత్తర అమెరికాకు వచ్చిన ఐరోపా నావికుల పేర్లు అవి. ఆ నావికుల రాక తరువాత భూమి పోగొట్టుకున్నవారి పేర్లు గులాబీలకు ఎందుకు రాలేదన్న ప్రశ్న 1960లలో ఆ ఆఫీసులో ఎవరికీ తట్టినట్టు లేదు. పేరు పెట్టడం కూడా ఒక చారిత్రక చర్యే.

అంట్ల గురించి ఒక మాట. కడియం నర్సరీల్లో గులాబీ అంటు కొన్నవారికి తెలుసు, కింది మొదలునుంచి వేరే చిగురు వస్తే గిల్లేయాలని. గిల్లకపోతే అడవి గులాబీ పైమొక్కను మింగేస్తుంది. ప్రెయిరీలో ఆ గిల్లేపని చలే తలకిందులు చేస్తుంది. పైనున్న మంచి గులాబీని చంపి, కింది అడవి వేరును బతికిస్తుంది. అందుకే ఈ కొత్త గులాబీలను అంటుకట్టకుండా సొంతవేరు మీదే పెంచారు. పైభాగం చచ్చినా వేరునుంచి వచ్చేది అదే గులాబీ.

గాలికి అడ్డుగా ముందు చెట్లు

పూలపొద నిలవాలంటే ముందు గాలి ఆగాలి. 20వ శతాబ్దపు తొలి సంవత్సరాల్లో ప్రభుత్వం రైతులకు చెట్లమొక్కలు పంచడం ఆరంభించింది. ఇండియన్ హెడ్‌లో ఇందుకు ప్రత్యేకంగా నర్సరీ పెట్టింది. వాగులపక్కన పెరిగే మానిటోబా మేపుల్, ఆష్, సైబీరియా నుంచి వచ్చిన కరగానా ఇందులో ముఖ్యమైనవి. కరగానా పసుపుపూల పొద. చిక్కుడు కుటుంబానిది, నేలకు నత్రజని ఇస్తుంది, వానలేకున్నా బతుకుతుంది. ఇళ్లచుట్టూ వరుసలుగా వేశారు. ఆ వరుసల లోపలి పక్కన మంచు పేరుకుంటుంది, గాలి తగ్గుతుంది. అక్కడే ఇంటి ఆడవాళ్ల పూలమళ్లు వచ్చాయి. మొండితనానికి రెండో ముఖం కూడా ఉంది. అదే కరగానా కొన్నిచోట్ల అడవుల్లోకి పాకి స్థానిక పొదలను తొక్కేస్తోందని నేడు ఫిర్యాదు.

సైబీరియా దాకా వెళ్లి వెదికినవారు కాలికింది మొక్కలను ఆలస్యంగా చూశారు. సస్కాటూన్ పొద ఏప్రిల్, మే నెలల్లో తెల్లగా పూస్తుంది, వేసవిలో నల్లటి తీయటి కాయలిస్తుంది. క్రీ ప్రజలు ఆ కాయలను ఎండబెట్టి మాంసంతో కలిపి నిలవచేసుకునేవారు. సస్కాటూన్ నగరానికి ఆ పేరు క్రీ భాషలోని ఆ కాయ పేరునుంచే వచ్చింది. ఊరికి పేరు తీసుకున్నారు గాని తోటలోకి పొదను చాలాకాలం రానివ్వలేదు. అడవిమొక్క అన్నారు. చలికి నిలిచే మొక్క ఏదో ఆ నేలమీద వేల ఏళ్లుగా ఉన్నవారికి తెలుసు, వాళ్లను అడిగినవారు తక్కువ.

అంకె ఎలా పుట్టింది

1927లో ఆర్నాల్డ్ వృక్షవనపు ఆల్ఫ్రెడ్ రేడర్ తన గ్రంథంలో ఉత్తర అమెరికాను చలి ఆధారంగా మండలాలుగా విభజించాడు. 1960లో అమెరికా వ్యవసాయశాఖ తన పటం విడుదలచేసింది. ఏటా అతితక్కువ ఉష్ణోగ్రత ఎంతకు దిగుతుందో చూసి, వాటి సగటు తీసి, పది ఫారన్‌హీటు డిగ్రీలకొక మండలం గీసింది. మూడో మండలం అంటే ఆ సగటు మైనస్ 40 నుంచి మైనస్ 34 సెల్సియస్ మధ్య ఉన్న చోటు. గమనించండి, అది సగటు. అంతకంటే చలి పడే శీతాకాలాలూ ఉంటాయి. నూరేళ్లు బతకాల్సిన చెట్టుకు సగటు ఏం భరోసా?

1967లో కెనడా వ్యవసాయశాఖ తన పటం వేరే పద్ధతిలో గీసింది. కనిష్ఠ ఉష్ణోగ్రత ఒక్కటే కాక గడ్డకట్టని రోజుల సంఖ్య, వేసవి వాన, గరిష్ఠ ఉష్ణోగ్రత, మంచుమందం, జనవరి వాన, గాలివేగం కూడా కలిపి మొత్తం ఏడు అంశాలు లెక్కలోకి తీసుకుంది. వివిధ కేంద్రాల్లో ఏ మొక్క బతికింది, ఏది చచ్చింది అన్న ఆ పాత నమోదులే దీనికి పునాది. నా దృష్టిలో ఈ రెండింటిలో కెనడా పటమే నిజాయితీగలది. కాని వాడుకలో గెలిచింది సులువైన అమెరికా పటమే. రెండు పటాల అంకెలూ ఒకటి కావు, నర్సరీ చీటీమీద ఏ దేశపు అంకె ఉందో తరచు రాయరు. ఎడ్మంటన్‌లో మా అమ్మాయి ఇంట్లో ఒక ఏడాది గడిపినప్పుడు ఇది నాకు స్వయంగా తెలిసింది. ఒక దుకాణంలో అంకె చూసి ముచ్చటపడి కొన్న గులాబీ ఏప్రిల్‌లో పుల్లగా మిగిలింది. ఇంటిలోపల కిటికీ దగ్గర కుండీలో పెంచుకున్న కరివేపాకు మాత్రం పచ్చగా ఉంది. అక్కడి తెలుగు ఇళ్లలో ఆ కుండీ తరచు కనిపిస్తుంది.

పటాలూ కదులుతున్నాయి. 1990, 2012, 2023లలో అమెరికా పటాన్ని సవరించారు. 2023 పటంలో దేశంలో సుమారు సగభాగం అరమండలం వెచ్చటివైపు జరిగింది. దీన్ని చూసి కొందరు ప్రెయిరీలో నాలుగో మండలపు మొక్కలు ధైర్యంగా నాటుతున్నారు. చలిరాత్రి ఒక్కటి చాలునని పాతతరం తోటమాలులు హెచ్చరిస్తున్నారు.

ఇక వదిలిపెట్టిన మాటకు వద్దాం. ఇండియన్ హెడ్ నర్సరీ అరవై కోట్లకు పైగా మొక్కలు పంచింది. 2013లో కెనడా ప్రభుత్వం ఆ పంపిణీని ఆపేసింది. అంతకు కొద్దికాలం ముందు, 2010 ప్రాంతంలో, గులాబీల సంకరణ పనినీ వ్యవసాయశాఖ వదులుకుంది. ఆ మొక్కలు ఒంటారియోలోని వైన్‌ల్యాండ్ ఉద్యాన పరిశోధనా సంస్థకు చేరి, అక్కడ కొత్త గులాబీలు పుడుతున్నాయి. అమ్ముడుపోయే రకం తీయడం మార్కెట్టుకు చేతనవును. చచ్చినవాటి జాబితా ఏటా అచ్చువేసి ఉచితంగా పంచే పని ఇప్పుడెవరిదో ఆలోచించండి.

ఒట్టావా కేంద్ర క్షేత్రంలో ప్రెస్టన్ లైలాక్‌లు, స్వేడా గులాబీలు ఇంకా ఉన్నాయి. వాటికి కలుపు తీసేవారిలో చాలామంది జీతంలేని స్వచ్ఛంద కార్యకర్తలు. మామూలు లైలాక్ వాడిపోయాక, జూన్ మొదటి వారాల్లో అవి పూస్తాయి.